తొమ్మిదో తరగతి బ్లాగులో బురద గురించి రాసినప్పుడు

మాది వికారాబాద్. ఉద్యోగం తాండూరు శివారులోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో. తెలుగు చెప్తాను. పొద్దున ప్యాసింజరు బండి ఎక్కితే బడి గంటకు ముందే అక్కడుంటాను. కిటికీ పక్కన సీటు దొరికిందంటే ఒళ్ళో వ్యాసాల కట్ట పెట్టుకుని దిద్దుకుంటూ పోవడం నాకు అలవాటు.

అలా దిద్దుతున్నప్పుడే ఒకరోజు విసుగొచ్చింది. 'మీకు నచ్చిన పండుగ' అని వ్యాసం ఇస్తే తొమ్మిదో తరగతి పిల్లలందరూ ఒకే వాక్యంతో మొదలుపెట్టారు. అది గైడులోని వాక్యం. ఆఖరికి ఆదివారం తప్పకుండా చర్చికి పోయే ఇంటి పిల్లవాడు కూడా దీపావళి మీదే రాశాడు. తరగతిలో వాణ్ణి లేపి అడిగాను.

"మీ ఇంట్ల క్రిస్మస్ చేస్తరు కదా, అది రాయొచ్చు కదా?"

"గైడ్‌ల క్రిస్మస్ లేదు మేడం."

"గైడ్‌ల లేకుంటేంది, మీ ఇంట్ల ఉన్నది కదా."

"ఇంట్ల ఉన్నది రాస్తే మార్కులు పడ్తయా?" అన్నాడు. వెక్కిరింత కాదు, నిజంగానే అడిగాడు. తరగతి మొత్తం నా జవాబు కోసం చూసింది. పడతాయని గట్టిగా చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

ఆ నెలలోనే వికారాబాద్‌లో ఉపాధ్యాయులకు శిక్షణ తరగతులు జరిగాయి. మధ్యాహ్నం పూట చెప్పిన ఒకాయన, వేరే జిల్లాలో తన బడి పిల్లలు నడిపే బ్లాగును తెర మీద చూపించాడు. హాల్లో సగం మంది అప్పటికే సమోసాల దగ్గరికి వెళ్ళిపోయారు. నేను మాత్రం కదల్లేదు. ఆ బ్లాగులో ఒక పిల్ల తమ ఊరి కోతుల గురించి రాసింది. కింద ఎవరో ఒకాయన, మా ఊళ్ళో కోతులు ఇంకా ఘోరం అని జవాబు రాశాడు. పిల్ల మళ్ళీ ఆయనకు జవాబిచ్చింది. నా పిల్లలకు లేనిదేమిటో నాకు అప్పుడు తెలిసింది. వాళ్ళు రాసింది నేనొక్కదాన్నే చదువుతాను. నేను చదివేది కూడా తప్పుల కోసమే.

ఇంటికొచ్చి మా అమ్మాయికి చెప్పాను. డిగ్రీ చదువుతోంది. "బ్లాగా? ఇప్పుడు ఎవరు చదువుతరమ్మా బ్లాగులు?" అని నవ్వింది. నవ్వుతూనే కూర్చుని పేజీ తయారు చేసి పెట్టింది.

ప్రధానోపాధ్యాయుడు పరీక్షల మనిషి. కాదనలేదు గానీ, సంతోషంగా ఒప్పుకోనూ లేదు. "సిలబస్ ఆగొద్దు మేడం. పిల్లల పేర్లు, ఫోటోలు పెట్టొద్దు. పరేషాన్ మనకొద్దు" అన్నాడు. పేర్లు వద్దంటే పిల్లలు నీరుగారిపోతారనుకున్నాను. అలా ఏం జరగలేదు. ఎవరికి వాళ్ళు ఒక మారుపేరు పెట్టుకోండని చెప్పేసరికి రెండు పీరియడ్లు దానికే సరిపోయాయి. కంది పండించే ఇంటి అమ్మాయి ఒకతె 'కందిగింజ' అని పెట్టుకుంది. ఆమె పక్కన కూర్చునే స్నేహితురాలు 'నీలిరాయి'. ఇళ్ళల్లో నేలకు పరిచే తాండూరు బండ నీలంగా ఒకటి, పసుపుగా ఒకటి వస్తుంది. ఆ అమ్మాయి వాళ్ళమ్మ బండలు పాలిష్ చేసే యూనిట్‌లో పని చేస్తుంది. క్రిస్మస్ పిల్లవాడు 'గైడు' అని పెట్టుకున్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

కంప్యూటర్ గదిలో సరిగ్గా నడిచేది ఒకటే. అందుకని ముందు కాగితం మీద రాసి, తర్వాత దాని మీద గానీ నా ఫోన్‌లో గానీ టైపు చేసేవాళ్ళం. టైపు కష్టమైన వాళ్ళు ఫోన్‌కు చెప్పి రాయించేవాళ్ళు. ఫోన్‌కు మా పిల్లల మాట అర్థమయ్యేది కాదు. 'గాయన వచ్చిండు' అని చెబితే 'గాయం వచ్చింది' అని రాసింది. పిల్లలకు ఇది ఆటైపోయింది. కావాలని ఫోన్‌తో మాట్లాడి, అది ఏం రాస్తుందో చూసి పడీ పడీ నవ్వేవాళ్ళు.

నవ్వులాట అటుంచితే, అక్కడొక చిక్కుంది. ఇన్నేళ్ళూ 'పోయిండు' కనిపిస్తే కొట్టేసి 'వెళ్ళాడు' అని రాసిన చెయ్యి నాది. బ్లాగులో ఏది ఉంచాలి? పిల్లలతోనే మాట్లాడి ఒక పద్ధతి పెట్టుకున్నాం. కథ చెప్పేటప్పుడు పుస్తకం తెలుగు, మనుషులు మాట్లాడేటప్పుడు మనుషుల తెలుగు. దాంతో పిల్లల రాతల్లో ఒక్కసారిగా మాటలు పెరిగిపోయాయి. ఎవరు ఏమన్నారో రాయడం వాళ్ళకు చాలా ఇష్టమని నాకు అప్పటివరకు తెలియదు.

మొదట్లో చదివేవాళ్ళు ఎవరూ లేరు. కింద వ్యాఖ్యలు రాసేది నేనూ మా లెక్కల సారూ. ఆయన ఎవరు ఏం రాసినా 'గుడ్' అనేవాడు. తర్వాత ఒకరోజు, ఒకమ్మాయి తమ మేక మీద రాసిన దాని కింద, కరణ్‌కోట సిమెంటు ఫ్యాక్టరీలో పని చేసే ఆమె తండ్రి రాశాడు. షిఫ్టుల వల్ల ఆయన ఏనాడూ తల్లిదండ్రుల సమావేశానికి రాలేదు. "మా బిడ్డ రాసింది సదివిన. మేక ఎగిరింది ఎగిరినట్టె ఉంది. మా తోటోళ్ళకు గూడ సదివి చెప్పిన." ఆ అమ్మాయి దాన్ని ఎన్నిసార్లు చూసుకుందో లెక్క లేదు. మర్నాటికి ఇంకో మేక గురించి రాసుకొచ్చింది.

వానలు జోరందుకున్నాక ఒకరోజు కందిగింజ ఆలస్యంగా తరగతికి వచ్చింది. స్కర్టు ఒక పక్కంతా తెల్లటి బురద, మోచెయ్యి గీరుకుపోయి ఉంది. సైకిలు జారింది. బండలు కోసి పాలిష్ చేసేటప్పుడు నీళ్ళతో కలిసి వచ్చే బురద అది. ఎండితే సున్నంలా ఎగురుతుంది, తడిస్తే వెన్నలా జారుతుంది. ఆమె ఇంటి నుంచి బడికి వచ్చే దారి పక్కన కుప్పలు పోసి ఉంటుంది. చెయ్యి కడిగించి మందు రాశాక, "ఇవాళ నువ్వు ఇదే రాయి" అన్నాను.

బాగా రాసింది. సైకిలు ఎలా పక్కకు పోయిందో, లేవబోతే మళ్ళీ ఎలా జారిందో, బండి మీద పోయే ఒకాయన ఆగి "జర జూసి నడపరాదా" అని తననే ఎలా తిట్టి పోయాడో రాసింది. మర్నాడు కుప్పల ఫోటో కూడా తెచ్చింది. తరగతిలో చదివితే అందరూ తమ తమ జారుడు కథలు చెప్పారు. సాయంత్రానికి బ్లాగులో పెట్టాం.

దాన్ని ఎవరో వాట్సాప్ గ్రూపులో పెట్టారు. ఆ గ్రూపు నుంచి ఇంకో గ్రూపుకు పోయింది. మేక కథలు చదివినవాళ్ళకన్నా బురద కథ చదివినవాళ్ళు చాలా ఎక్కువ. పిల్లలకు మహా గర్వంగా ఉంది. నాకూ ఉంది.

ఆ గర్వం ఎన్నాళ్ళో నిలవలేదు. ఒకరోజు మధ్యాహ్న భోజనం దగ్గర చూస్తే నీలిరాయి, కందిగింజ వేరువేరుగా కూర్చున్నారు. ఆరో తరగతి నుంచి ఒకే డబ్బాలో తినే పిల్లలు. బెల్లయ్యాక నీలిరాయి నా దగ్గరికి వచ్చి నిలబడింది.

"మేడం, గా బురదది తీసేయండి."

"ఎందుకు? ఏమైంది?"

"మా అమ్మను సూపర్‌వైజర్ పిలిచి అడిగిండంట. గిది మీ బిడ్డ క్లాసోళ్ళే రాసిన్రు గద అని. మా అమ్మ రాత్రి అన్నం తినలే."

కందిగింజ వెనకాలే వచ్చింది. "నేను ఎవల పేరూ రాయలే మేడం. ఏ యూనిటో గూడ రాయలే."

"పేరెందుకే? ఫోటోల యూనిట్ గేటు కనిపిస్తలేదా? నీలం గేటు తాండూర్ల ఎవలికి తెల్వదు?" నీలిరాయి గొంతు పెరిగింది. "మా అమ్మను పనిలకెల్లి తీసేస్తే మీ ఇంట్లకెల్లి తెచ్చిస్తవా కందులు?"

"నేను పడ్డది అబద్ధమా మరి?"

"పడినవ్ గని చావలే కద!"

ఇద్దరూ ఏడుపు మొదలుపెట్టారు. నేను ఫోన్ తీసి చూశాను. నిజమే, ఫోటో మూలలో నీలం గేటు ఉంది. ఇన్నిసార్లు చూసినా నా కళ్ళు దాని మీద పడలేదు. ఎందుకంటే నేను వికారాబాద్ మనిషిని, బండి దిగి బడికి, బడి నుంచి బండికి. ఫోటో అప్పటికప్పుడు తీసేశాను. రాసింది మాత్రం ఉంచాను. నీలిరాయి దానికి తృప్తి పడలేదు. నా వైపు చూడకుండానే వెళ్ళిపోయింది.

ప్రధానోపాధ్యాయుడు మాత్రం మొత్తం తీసేయమన్నాడు. "నేను ముందే అన్న గద మేడం. చదువు చెప్పుకునేటోళ్ళం, మనకెందుకు గీ పంచాయితీ?" నేను ఆలోచించుకుంటానని చెప్పాను. ఆ సాయంత్రం బండిలో కాగితాలు ఒళ్ళో ఉన్నాయి గానీ ఒక్కటీ దిద్దలేదు. తీసేయడమంటే ఒక్క నొక్కు. కానీ రేపు తరగతిలోకి పోయి, ఇంట్లో ఉన్నది రాయండని ఏ మొహంతో చెప్పను? ఉంచితే ఆ తల్లి పని పోతుందేమోనని భయం. ధారూరు దాటింది, వికారాబాద్ వచ్చింది, నాకేమీ తోచలేదు.

నేను తేల్చుకునే లోపలే యూనిట్ యజమాని బడికి వచ్చాడు. స్కూటరు మీద వచ్చిన పెద్ద వయసు సేటు. తెల్ల చొక్కా, మెడలో తాడుకు వేలాడే కళ్ళజోడు. మేం గొడవకు సిద్ధపడి కూర్చున్నాం. ఆయన మంచినీళ్ళు అడిగి తాగాడు. ఫోన్ దూరంగా పట్టుకుని వ్యాసం మొత్తం పైకి చదివాడు. "జర జూసి నడపరాదా" అన్న చోట నవ్వాడు కూడా. తర్వాత ఒక వాక్యం దగ్గర ఆగాడు.

"రాసిన బిడ్డను ఒక్కసారి పిలువుండ్రి. కోపం జెయ్య."

నేను కందిగింజను పిలిపించి నా కుర్చీ పక్కనే నిలబెట్టుకున్నాను.

"బిడ్డా, మంచిగ రాసినవ్. గని గీడ 'చీకట్లో ఎవరూ చూడకుండా తెచ్చి పోస్తారు' అని రాసినవ్. నువ్వు చూసినవా?"

"చూడలే. అందరు గట్లనే అంటరు."

"అందరు అంటరు, సరే. నేను చెప్తున్న విను. మా ట్రాక్టరు పోస్తది. పట్టపగలు పోస్తది, అందరు చూస్తుంటే పోస్తది. ముప్పొద్దులా పనిచేసి తినేటోళ్ళం, దొంగల లెక్క చీకట్ల పోసే ఖర్మ మాకేంది?"

మా ప్రధానోపాధ్యాయుడు టేబుల్ మీద పేపర్ వెయిట్‌ను తిప్పుతూ ఉండిపోయాడు. ఆ బురద తన యూనిట్‌ది కాదని వాదించడానికి వచ్చాడనుకున్న మనిషి, తనదేనని ఒప్పుకున్నాడు. ఆయన బాధల్లా ఆ ఒక్క 'చీకటి' గురించే.

కందిగింజే ముందు తేరుకుంది. "మరి రోడ్డు పొంటి ఎందుకు పోస్తరు తాతా?"

'సార్' అంటుందనుకున్నాను, తాతా అంది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "యాడ పొయ్యాలె బిడ్డా? లోపల గుంత నిండింది. మునుపు పోసే జాగలల్ల ఇండ్లయినయ్. ఒక్క నా యూనిటే గాదు, అందరికి అదే తిప్పలు. రోడ్డు మీద పొయ్యుడు మంచిదని నేను అంటలేను."

అప్పుడు నేను అడగవలసింది అడిగాను. మా తరగతి పిల్ల తల్లి మీ దగ్గర పని చేస్తుందని, ఆమెను సూపర్‌వైజర్ పిలిచి అడిగాడని, ఆ ఇంట్లో భయపడుతున్నారని చెప్పాను. ఆయనకు ఆ సంగతి తెలియదు. "గామె ఏం జేసింది? గామె పని గామె చేసుకుంటది. నేను మాట్లాడ్త" అన్నాడు. లేచి పోతూ పోతూ, "పిల్లలను తీసుకొని రాండ్రి మేడం. చూసి రాయమనుండ్రి" అన్నాడు.

ఒక శనివారం పోయాం. ప్రధానోపాధ్యాయుడు కూడా మాతో వచ్చాడు. లోపల కోత మిషన్ల చప్పుడుకు పక్కన మనిషి మాట వినపడదు. ఎక్కడ చూసినా నీళ్ళు. గరుకు బండ మిషను కిందికి పోతుంది, పాల లాంటి నీళ్ళు కాలవ పట్టి గుంతలోకి పోతాయి. గుంత నిజంగానే అంచుల దాకా ఉంది. నీలిరాయి వాళ్ళమ్మ ఇంకో ఆవిడతో కలిసి పాలిష్ అయిన బండలు కడిగి, ఒకదానికొకటి ఆనించి నిలబెడుతోంది. మమ్మల్ని చూసి తల తిప్పుకుంది. నీలిరాయి తల్లి దగ్గరికి పోవాలా వద్దా అన్నట్టు రెండు అడుగులు వేసి ఆగిపోయింది. ఆ తల్లి అప్పుడు మిషన్ల చప్పుడు మీదుగా గట్టిగా అరిచింది.

"నీళ్ళల్ల నిలబడకు! బూట్లు తడుస్తయ్, రేపటికి ఆరవు!"

పిల్లలందరూ గభాలున వెనక్కి జరిగారు. నీలిరాయి మొహంలో చాలా రోజుల తర్వాత నవ్వు చూశాను. ఆమె పోయి తల్లి పక్కన నిలబడింది. ఇద్దరూ ఏదో మాట్లాడుకున్నారు, మాకు వినపడలేదు.

సోమవారం తరగతిలో పెద్ద చర్చ. తప్పు వాక్యాన్ని ఏం చేయాలి? నేనైతే దిద్దేసి ఊరుకునేదాన్ని, తెలుగు పంతులమ్మ బుద్ధి. చాలామంది పిల్లలు కూడా అదే అన్నారు. కందిగింజ ఒప్పుకోలేదు. "అందరు సదివిన్రు మేడం. ఇప్పుడు సప్పుడు చెయ్యకుంట మారిస్తే, గది నేను రాయనే లేదన్నట్టయితది." వాక్యాన్ని అలాగే ఉంచి, కింద కొత్తగా రాసింది: "చీకట్లో పోస్తారని పైన రాశాను. అది నేను చూడలేదు, విన్నాను. ఆ తర్వాత ఉదయం పూట పోస్తుండగా నేనే చూశాను."

సేటు ఆ చేర్పు చదివాడో లేదో నాకు తెలియదు. చదివి ఉంటే అది ఆయనకు అంత ఊరటనిచ్చి ఉండదు.

నీలిరాయి వేరే వ్యాసం రాసింది. వాళ్ళమ్మ పని గురించి. చేతులు నాని వేళ్ళ సందుల్లో ఎలా పగులుతాయో, ఇంటికొచ్చాక కొబ్బరినూనె ఎలా రాసుకుంటుందో, తడి బండల మీద రంగులు చూసి ఏది ఏ ఇంటి వాకిలికి పోతుందోనని వాళ్ళు పందాలు ఎలా వేసుకుంటారో రాసింది. చివర్లో కందిగింజ వ్యాసానికి జవాబుగా మూడు వాక్యాలు: "రోడ్డు మీద బురద ఉండొద్దు. మా అమ్మ పని పోవద్దు. నాకు రెండూ కావాలి." దాని కింద కందిగింజ 'నాకు గూడ' అని వ్యాఖ్య పెట్టింది. ఒకే గదిలో కూర్చుని ఒకరితో ఒకరు మాట్లాడకుండా, బ్లాగులో జవాబులిచ్చుకున్నారు ఇద్దరూ. ఎప్పుడు మాట్లాడుకోవడం మొదలుపెట్టారో నేను గమనించలేదు. ఒకరోజు చూస్తే మళ్ళీ ఒకే డబ్బాలో తింటున్నారు. అయితే నీలిరాయి అప్పటి నుంచి స్నేహితురాలు ఏం రాసినా ముందు తాను చదివాకే నాకు ఇవ్వనిచ్చేది. ఒకరకంగా మా బ్లాగుకు ఆమే సంపాదకురాలైంది. పిల్లలను నాకన్నా ఎక్కువ సతాయించేది. "నువ్వు చూసినవా, ఎవలన్న చెప్పిన్రా?" అని అడగనిదే ఏ కాగితాన్నీ వదిలేది కాదు.

బురద సంగతి పూర్తిగా తేలలేదు. వానలు తగ్గాక పొక్లెయిన్ వచ్చి మూలమలుపు దాకా కుప్పలు ఎత్తేసింది. మలుపు అవతల అలాగే ఉన్నాయి. ఎవరు చేయించారో మాకు తెలియలేదు. మా వ్యాసం వల్లనే అని పిల్లలు ఖాయం చేసుకున్నారు. నేను అవునూ కాదూ అనలేదు. కందిగింజ దాని మీద 'సగం' అని చిన్న వ్యాసం రాసింది. ఎత్తేసిన సగం, మిగిలిన సగం, రెండూ రాసింది. ఎవరు ఎత్తించారో తెలియదని కూడా రాసింది.

నీలిరాయి వాళ్ళమ్మ పని పోలేదు. సూపర్‌వైజర్ కొన్నాళ్ళు ముభావంగా ఉన్నాడట, తర్వాత మామూలైపోయాడట.

ఆ ఏడు పరీక్షల్లో వాళ్ళ మార్కులు అమాంతం పెరిగాయని చెప్పలేను. కొందరికి పెరిగాయి, కొందరికి లేదు. కానీ వ్యాసాలు ఒకే వాక్యంతో మొదలవడం ఆగిపోయింది. దిద్దడానికి ఎక్కువ సమయం పట్టేది, ఎందుకంటే చదవాల్సి వచ్చేది. మా ప్రధానోపాధ్యాయుడు బయటపడి ఏమీ అనలేదు. అయితే కంప్యూటర్ గదిలో మూలపడిన ఇంకో రెండింటిని బాగు చేయించాడు. తాళంచెవి నా దగ్గరే పెట్టుకోమన్నాడు.

ఆ తరగతి పదో తరగతి దాటి వెళ్ళిపోయింది. కందిగింజ ఇప్పుడు ఇంటర్ చదవడానికి వికారాబాద్ వస్తుంది. నేను పొద్దున తాండూరు పోయే వేళకు ఆమె ఎదురు బండిలో దిగుతుంది. ప్లాట్‌ఫారం మీద అప్పుడప్పుడు కలుస్తాం. మొన్న కలిసినప్పుడు, కాలేజీలో రాయించేదంతా నోట్సేనని చెప్పింది. నీలిరాయి తాండూరులోనే చదువుతోందట, ఇద్దరూ ఆదివారాలు కలుస్తారట. ఇంకా ఏదో చెప్పబోయేలోగా నా బండి వచ్చింది.

ఈ ఏడు కొత్త తొమ్మిదో తరగతి. బ్లాగు అనగానే ఒకతను లేచి, "రాసేదెందుకు మేడం, రీలు చేద్దాం" అన్నాడు. చేద్దాం, ముందు ఎవరు ఏం మాట్లాడతారో రాసుకుని రండన్నాను. మర్నాడు నలుగురు రాసుకొచ్చారు. అందులో ఒకమ్మాయి వాళ్ళ అమ్మమ్మ కన్నడం మాట్లాడుతుంది. ఆ మాటలను తెలుగు అక్షరాల్లో ఎలా రాయాలో తెలియక అక్కడక్కడ ఖాళీలు వదిలి తెచ్చింది. ఇప్పుడు ఆ ఖాళీలు నింపే పనిలో ఉన్నాం. నాకు కన్నడం రాదు, అమ్మమ్మకు ఫోన్ చేసి అడుగుతున్నాం.